బొమ్మ బిళ్ళలు

మా పక్క ఫ్లాట్‌లో ఉండే శిరీష మొన్న సెలవు రోజు ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎవరో వీడియో పెట్టారట. పాత రూపాయి బిళ్ళ మీద ఫలానా బొమ్మ ఉంటే లక్షలు ఇస్తారని అందులో ఒకాయన చేతులు ఊపుకుంటూ చెబుతున్నాడు. "ఆంటీ, మీరు పాతకాలం నుంచి ఉన్నరు గదా, మీ దగ్గర గిట్లాంటివి ఏమన్న ఉన్నయా? జెర డబ్బాలల్ల చూడుండ్రి," అంది. లేవమ్మా అన్నాను. నిజంగానే లేవు. ఆమె వెళ్ళిపోయాక పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ వీడియోలో కనిపించిన ప్రతి బిళ్ళా నాకు తెలుసు. ఏ బొమ్మకు అంచు దగ్గర గరుకుగా ఉంటుందో, ఏది బల్ల మీద పడితే ఎలా మోగుతుందో, కళ్ళు మూసుకుని చెప్పగలను. మా నాన్న బతుకు వాటి చుట్టూ తిరిగి, వాటి దగ్గరే విరిగిపోయింది.

మేం అప్పుడు బొల్లారంలో, మిషన్ బడి ఆవరణలో ఉండేవాళ్ళం. నాన్న ఆ బడిలో లెక్కలు చెప్పేవారు. ఒంగోలు దగ్గర నుంచి పెళ్ళైన కొత్తలోనే అమ్మను తీసుకుని ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చేశారు. బడి వెనక గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మా మంచాలు, వెనక గదిలో వంట. బడీ, మేముండే ఇల్లూ, పక్కనే ఉన్న మందిరమూ అన్నీ ఒకే సంఘానివి. అంటే నాన్న జీతమూ, మా తలమీది కప్పూ, మా ఆదివారమూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే పదిమంది పెద్దల చేతిలో ఉండేవి. ఆ పదిమందిలో నాన్న కూడా ఒకరు. దేవసహాయం మాస్టారంటే సంఘంలో అంత నమ్మకం.

మా ఇంట్లో శనివారం సాయంత్రాలకు ఒక వాసన ఉండేది. బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద ఉడికే గంజి వాసన, బూట్ల పాలిష్ వాసన, వాటన్నిటి మీదా పులుపు తేలే చింతపండు వాసన. నాన్న తన తెల్ల ప్యాంటు తానే ఇస్త్రీ చేసుకునేవారు. అది అయ్యాక సత్తు గిన్నెలో చింతపండు నానేసి, వారంలో దొరికిన బిళ్ళలను అందులో వేసి, బొటనవేలితో మెల్లగా తోమేవారు. చేపలు పట్టే మనిషి ఉన్న అర్ధరూపాయి, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ నిలబడ్డ చిన్న కుటుంబం బిళ్ళ, చనిపోయిన ప్రధానమంత్రి ముఖం ఉన్న పెద్ద బిళ్ళ. ప్రభుత్వం ఏదో ఒక సందర్భాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఒక్కసారి కొట్టి వదిలేసే నాణేలవి. మామూలు చిల్లరలో కలిసి తిరుగుతూ ఉండేవి. మా ఇంట్లో వాటి పేరు బొమ్మ బిళ్ళలు. తోమినవాటిని తుడిచి, అమ్మ పాత చీర పీలికల్లో ఒక్కొక్కటీ విడిగా చుట్టి, బిస్కెట్ డబ్బాలో పెట్టేవారు. "వారానికింత చింతపండు నాకు పులుసులోకి లేకుండా చేస్తారు," అని అమ్మ విసుక్కునేది. నాన్న నవ్వి, "ఇది అమ్మాయి నర్సు చదువు సుగుణా. ఇప్పుడు నీకు చిల్లరలాగే కనిపిస్తుంది," అనేవారు.

ఆ నమ్మకం ఎక్కడ మొదలైందో కూడా చెప్పేవారు. ఆయన టీచరు ట్రైనింగులో ఉన్న రోజుల్లో తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసల బిళ్ళ వచ్చిందట. అందులో బంగారం కలిసిందని పుకారు పుట్టి, కంసాలులు దానికి ఎక్కువిచ్చి కొన్నారట. అప్పటికే నాన్న తన దగ్గరున్నవన్నీ టీకీ బస్సుకీ ఖర్చు పెట్టేశారు. "చేతికొచ్చిన దాన్ని చూడకుండా వదిలేశాను," అనేవారు. ఇక ఆయన చూడకుండా ఏదీ వదల్లేదు. పాలవాడు ఇచ్చిన చిల్లరా, కూరలమ్మి ఇచ్చిన చిల్లరా వెలుతురులో తిప్పి చూడాల్సిందే.

ఆదివారం ఆరాధన అయ్యాక కానుకల సంచులు లోపలి గదిలో బల్ల మీద బోర్లించి ఇద్దరు పెద్దలు లెక్క చూసేవారు. ఒకరు నాన్న. రెండోవారు యేసురత్నం గారు, మిలిటరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, నాన్నకు మంచి స్నేహితుడు. ఆ కుప్పలో బొమ్మ బిళ్ళ కనిపిస్తే నాన్న దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని, ప్యాంటు జేబులోంచి అంతే విలువున్న మామూలు బిళ్ళ తీసి కుప్పలో వేసేవారు. యేసురత్నం గారు అది చూసి, "ఇదిగో మాస్టారూ, నీ పిల్ల వచ్చింది," అని తానే ఒకటి రెండు ఇటు తోసేవారు. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. అందులో తప్పుందని ఇద్దరికీ తోచలేదు.

ఒక వర్షాకాలంలో యేసురత్నం గారు పక్షవాతంతో మంచాన పడ్డారు. ఆయన స్థానంలో జాన్సన్ అని బ్యాంకులో పనిచేసే అబ్బాయి లెక్కకు వచ్చాడు. మర్యాదస్థుడు, తల వంచుకుని మాట్లాడేవాడు. మొదటి ఆదివారమే నాన్న రెండు బిళ్ళలు జేబులో వేసుకోవడం చూసి, "అవెందుకండీ?" అని అడిగాడు. తనకింకో వినేవాడు దొరికాడని నాన్నకు సంతోషం. ఇవి మళ్ళీ కొట్టరు బాబూ, ఇరవై ఏళ్ళాగితే ఒక్కొక్కటి వంద రెట్లు పలుకుతుంది, మా అమ్మాయి నర్సు చదువుకోసం పోగేస్తున్నాను అని మొత్తం చెప్పారు. ఇంటికొచ్చి, "ఆ అబ్బాయికి కూడా వీటి సంగతి నేర్పాలి," అని అమ్మతో అన్నారు. పై ఆదివారం లెక్కకు రావద్దని కబురొచ్చింది. బుధవారం సంఘ పెద్దలు పిలిచారు.

ఆ బుధవారం నాన్న తిరిగి వచ్చినప్పుడు నేను గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాను. ఆయన బూట్లు విప్పకుండా లోపలికి వెళ్ళిపోయారు. మా ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు పట్టుకునే కూర్చున్నారు.

"చైర్మన్ గారు ఒకటే అడిగారు సుగుణా. ఆ బిళ్ళలకు ముందుముందు విలువ వస్తుందా రాదా అని."

"వస్తే?"

"వస్తే అది దేవునికి రావలసిన విలువ. రూపాయి పెట్టి వంద రూపాయలు తీసుకున్నట్టు. దేవుని సొమ్ము తిన్నట్టు."

"రాకపోతే?"

"రాకపోతే రూపాయికి రూపాయి మార్చుకున్నాను. ఎవరికీ నష్టం లేదు. పై బుధవారంలోగా విచారించి చెప్పమన్నారు." గ్లాసు కిందపెట్టి, "దొంగతనమని తేలితే ఉద్యోగం తీసేస్తారు. ఇల్లు ఖాళీ చెయ్యాలి," అన్నారు.

అమ్మ ఊపిరి పీల్చుకుని, "ఇంతే కదా. ఏ విలువా లేదని చెప్పెయ్యండి," అంది. నాన్న ఆమె వంక పరాయి మనిషిని చూసినట్టు చూశారు.

ఆ వారంలో ప్రతి రోజూ నాకిప్పటికీ గుర్తుంది. ఆవరణలో కుళాయి దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. నర్సు ట్రైనింగుకు నాకు ప్రవర్తన బాగుందని పాస్టరు అయ్యగారు రాసివ్వాలి. వెళ్ళి అడిగితే, "తర్వాత చూద్దాం అమ్మా," అని నా ముఖం చూడకుండా అన్నారు. అమ్మ అటక మీదనుంచి ట్రంకుపెట్టె దింపి, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోతామే అని అడిగితే తెలియదంది. ఒంగోలులో మాకు ఒక గది కూడా లేదు. నాన్న అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకునేవారు. బడిలో లెక్క సగం వేసి బోర్డు ముందే నిలబడిపోతున్నారని పిల్లలు చెప్పుకున్నారు. పొద్దున్నే మంచం పక్కన మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకోవడం ఆయన అలవాటు. ఒకరోజు నేను పాలగిన్నె తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి గొంతు వినబడింది. "ప్రభువా, వాటికి విలువ ఇయ్యమని అడగాలా, ఇయ్యొద్దని అడగాలా, నాకు తెలియడం లేదు. ఏమడగాలో నువ్వే చెప్పు." అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నారు. దుప్పటి అంచు రెండు చేతులతో పట్టుకుని ఊగుతున్నారు. పాలు అక్కడే పెట్టి వెనక్కి వచ్చేశాను.

శనివారం బడి వదిలాక డబ్బా సంచిలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని సికింద్రాబాదు వెళ్ళారు. మోండా మార్కెట్ వెనక సందులో పాత నాణేలు కొనే దుకాణం ఒకటి ఉందని ఎవరో చెప్పారు. కూరల తొక్కలూ, తడిసిన గోనెసంచులూ దాటుకుని వెళ్ళాం. అద్దాల బల్ల వెనక మల్లయ్య సేటు అనే లావుపాటాయన కూర్చుని ఉన్నాడు. నాన్న డబ్బా తెరిచి, ఒక్కొక్క పీలికా విప్పి బల్ల మీద పేర్చసాగారు. సేటు వాటివైపు చూశాడే గాని చెయ్యి చాపలేదు.

"ఏంది సారూ గివన్ని?"

"ఒక్కసారే కొట్టినవండీ. మళ్ళీ కొట్టరు."

"మల్ల కొట్టరు, నిజమే. గని కొట్టిన్నాడే కోట్లల్ల కొట్టిన్రు. మీరు దాచిన్రు. మీ లెక్కనే ఇంకొకాయన సుత దాచిండు. ఊరంత దాచుకున్నంక కొననీకి ఎవరుంటరు సారూ? ఎవ్వరు దాచనిదే మా కాడికి వస్తె ధర పలుకుతది." ఒక బిళ్ళ తీసి వెలుతురులో తిప్పాడు. "ఏంటితోని తోమిన్రు?"

"చింతపండుతో."

"అయ్యో! తోమిన బిళ్ళను అసలు ముట్టరు సారూ. దాని మీది మెరుగంత పాయె."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "ఇరవై ఏళ్ళాగితే?" అన్నారు.

"గిదే మాట."

"యాభై ఏళ్ళు? ఈ పిల్ల ముసలిదయ్యాక?"

"సారూ, పరేషాన్ గాకుండ్రి. రూపాయికి రూపాయి ఎప్పుడైన వస్తది. దుకాణంల ఇస్తె బియ్యం ఇస్తరు. గంతే."

నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. నాన్న చొక్కా చెయ్యి పట్టుకుని, "మంచిదే కదా నాన్నా. బుధవారం ఇదే చెబుదాం. మనిల్లు మనకుంటుంది," అన్నాను. ఆయన వినలేదు. ప్రతి బిళ్ళనూ తీసి, ఎప్పట్లాగే పీలికలో చుట్టి, పగిలిపోయే వస్తువులా డబ్బాలో పెట్టారు. సేటు జాలిపడి స్టూలు చూపించాడు. కూర్చోలేదు. బొల్లారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాదూరం వచ్చాక, "ఆయనకేం తెలుసు," అన్నారు.  బుధవారం ఏం జరగబోతోందో నాకప్పుడే అర్థమైంది. ఇల్లు చేరగానే అమ్మకు అంతా చెప్పాను.

బుధవారం అమ్మా నేనూ ఆయన వెనకే వెళ్ళి లోపలి గది గుమ్మం బయట నిలబడ్డాం. పెద్దల సభలోకి ఆడవాళ్ళు వెళ్ళే ఆచారం లేదు. యేసురత్నం గారిని కూడా ఎవరో రిక్షాలో తీసుకొచ్చారు. నోరు వంకర పోయి మాట రావడం లేదు. బాగున్న చెయ్యి మాత్రం ఎత్తి ఏదో చెప్పబోతున్నారు, ఎవరికీ అర్థం కావడం లేదు. డబ్బా బల్ల మధ్యలో ఉంది.

"విచారించారా మాస్టారూ?" అన్నారు చైర్మన్ గారు.

"విచారించానండి. మార్కెట్లో ఆయన ఎప్పటికీ ఏమీ రాదన్నాడు."

గది మొత్తం తేలికపడింది. పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ చైర్మన్ గారు, "మరి మీరేమంటారు?" అని అడిగారు. ఆయన మంచికే అడిగారేమో. నాన్న మాటగా కూడా ఒకసారి చెప్పించి ముగిద్దామనుకున్నారేమో.

నాన్న డబ్బా వైపు చూశారు. "ఎప్పటికైనా వస్తుందనే నా నమ్మకం," అన్నారు.

జాన్సన్ తల బల్లమీదికి వంచేశాడు. యేసురత్నం గారి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. "అయితే తెలిసే తీశారన్నమాట," అని చైర్మన్ గారు అంటుండగానే అమ్మ గడప దాటింది. నెత్తిమీది కొంగు సర్దుకోలేదు. చెప్పులు కూడా విడవలేదు.

"చిల్లర అండీ అవి," అంది. "ఇల్లు నడిపేదాన్ని నేను. ఏది ఎంత చేస్తుందో నాకు తెలుసు. వాటికి ఇవాళా విలువ లేదు, రేపూ లేదు, నా మనవలనాటికీ లేదు. చిల్లర. అంతే. దేవుని ముందు నిలబడి చెబుతున్నాను. ఆయన ఆశపడ్డాడని మమ్మల్ని రోడ్డు మీద పడేస్తారా?"

 అప్పుడు చివర కూర్చున్న పెద్దాయనొకరు మెల్లగా, "విలువ లేదంటున్నారు కదా. అయితే మార్చి ఇచ్చెయ్యడానికి బాధేముంది? ఇక ఎవరికీ సందేహం ఉండదు," అన్నారు. అందరికీ అదే న్యాయంగా తోచింది. జాన్సన్ కానుకల చిల్లర తెచ్చి, పీలికలు విప్పి, బిళ్ళకు బిళ్ళ సరిపోల్చి బల్ల మీద నాన్న వైపు జరిపాడు.  అంతా అయ్యాక నాన్న జేబురుమాలు పరిచి ఆ మామూలు చిల్లరను మూట కట్టుకున్నారు. చీర పీలికలు మాత్రం బల్ల మీద కుప్పగా పడున్నాయి. నేను వెళ్ళి ఏరి తెచ్చుకున్నాను. బొమ్మ బిళ్ళలు మిగతా కానుకలతో పాటు సోమవారం బ్యాంకుకు పోయాయి. అక్కడినుంచి ఏ కిరాణా కొట్టుకో, ఏ బస్సు కండక్టరు సంచిలోకో.

ఉద్యోగం మిగిలింది. ఇల్లు మిగిలింది. నాన్నను పెద్దల్లోంచి తీసేశారు. అయ్యగారు నాకు కావలసిన కాగితం రాసిచ్చారు. మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంటే నాన్న వంటగది గుమ్మంలో నిలబడి, "దేవుని ముందు అని ఎలా అనగలిగావు సుగుణా?" అన్నారు. అమ్మ వెనక్కి తిరగలేదు. "మరి పిల్లను ఎక్కడ పడుకోబెట్టమంటారు?" అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి ప్రార్థన చేసుకోగా నేను చూడలేదు. నాన్న పొద్దున్నే బడి వరండాకు వెళ్ళి ఒక్కరే మోకరించేవారు. అమ్మ వంటింట్లో చేసుకునేది. మాటలుండేవి. ఉప్పు సరిపోయిందా, బియ్యం అయిపోయాయా, అంతవరకే. దుకాణంలో చిల్లర ఇస్తే నాన్న చూడకుండా గుప్పిట మూసి జేబులో వేసుకునేవారు. నేను నర్సునయ్యాను, ఉద్యోగంలో చేరాను, పెళ్ళయింది. వాళ్ళ మధ్య మౌనం మాత్రం అలాగే ముసలిదైంది. అమ్మ అందరి ముందూ తన నమ్మకాన్ని చిల్లర అన్నందుకు నాన్నకు కోపమని నేననుకునేదాన్ని. అమ్మా అదే అనుకునేది.

ఇప్పుడు చిల్లర ఎవరిక్కావాలి? బోయిన్‌పల్లిలో కూరలు కొన్నా ఫోన్ చూపించి వచ్చేస్తున్నాం. పది రూపాయల బిళ్ళ ఇస్తే కొట్టువాడు ఇది చెల్లదమ్మా అని తిరిగిస్తాడు. ఆ రోజుల్లో ఇంట్లో డబ్బుకు ఒక చప్పుడు ఉండేది, వాసన ఉండేది, దాని మీద ఒక ముఖం ఉండేది. మనిషి దాన్ని తిప్పి చూసి ఆశపడ్డానికి ఒక వీలుండేది. ఆ ఆశ మా ఇంటిని ఏం చేసిందో చూశాక అదంతా మంచికాలమని అనలేను. ఇప్పుడే నయమని కూడా అనలేకపోతున్నాను.

నాన్న చివరి రోజులు నేను పనిచేసే ఆస్పత్రిలోనే గడిచాయి. ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయింది. మా రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉంది అప్పటికి. అమ్మ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉండేది. లోపలికి రమ్మంటే, "ఆయనకు నేనక్కర్లేదులే," అనేది. ఒక మధ్యాహ్నం మందు వేస్తుంటే నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. గొంతు పూర్తిగా రావడం లేదు.

"ఆ బిళ్ళలు... ఇప్పుడేమన్నా పలుకుతున్నాయా?"

నాకు తెలుసు. అంతకు కొన్నాళ్ళ ముందే సికింద్రాబాదులో పాత నాణేల ప్రదర్శన పెడితే వెళ్ళి అడిగాను. బొమ్మ బిళ్ళలన్నీ ఒక ప్లాస్టిక్ తొట్టిలో కుప్పపోసి ఉన్నాయి. అమ్మేవాడు ఏదైనా ఏరుకోమన్నాడు, పిల్లలు ఆడుకోవడానికి తీసుకుపోతారన్నాడు. కానీ చావబోయే తండ్రికి ఆ మాట ఎవరు చెబుతారు?

"చాలా పలుకుతున్నాయి నాన్నా," అన్నాను. "నువ్వు చెప్పినట్టే. వంద రెట్లు."

ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి దిగాయి. రొప్పుతూ లేవబోయారు. "అయ్యో," అన్నారు. "అయితే మీ అమ్మ అన్నది అబద్ధమైపోయింది. మనకోసం దేవుని ముందు అబద్ధం చెప్పింది. నా మూలంగా. ఇన్నేళ్ళూ అది అబద్ధం కాకూడదనే ప్రార్థన చేశాను కరుణా. నా నమ్మకం పాడైపోనీ అని అడిగాను."

ఎన్నో ఏళ్ళు ఆ వరండాలో మోకరించి ఆయన అడిగింది అదేనని నాకప్పుడు తెలిసింది. ఆక్సిజన్ మాస్కు సర్దుతూ ఆయన భుజాలు పట్టుకుని మంచం మీద ఆనించాను. 

"లేదు నాన్నా. నీకు సంతోషంగా ఉంటుందని అన్నాను. ఏమీ పలకవు. నేను స్వయంగా వెళ్ళి అడిగాను. తొట్టిలో కుప్పపోసి పెట్టారు. ఎవరూ కొనడం లేదు. ఒట్టి చిల్లర."

"నిజమేనా?"

"నిజం నాన్నా. దేవుని ముందు చెబుతున్నాను."

ఆయన నా ముఖంలోకి పట్టి పట్టి చూశారు. తర్వాత రొప్పు కొంచెం తగ్గింది. మణికట్టు వదిలి, తలుపు వైపు చెయ్యి చూపించారు.

"అయితే సుగుణ నిజమే చెప్పింది," అన్నారు. "పిలువు. లోపలికి రమ్మను."